ఓడాలని కోరుకున్న చలికాలం

అమెరికాలోని బఫెలోలో మేం దిగిన ఇల్లు రెండు పోర్షన్లు. కింద ఓనరు, పైన మేం నలుగురం. 2014 ఆగస్టులో ఎం.ఎస్. చదవడానికి వచ్చాం. యూనివర్సిటీ సౌత్ క్యాంపస్‌కి నడిచి వెళ్ళే దూరం, అద్దె తక్కువ. అంతకు మించి ఏమీ చూసుకోలేదు. ఒకటో తారీఖున చెక్కు ఇవ్వడానికి కిందికి దిగితే వంటింట్లో ఫ్రిజ్ మీద పాత రేడియో, టేబుల్ మీద ఒక స్పైరల్ నోటుబుక్కు, పక్కనే అరిగిపోయిన పెన్సిలు కనిపించేవి. ఊరి హాకీ టీమ్ బఫెలో సేబర్స్ ఆడిన ప్రతి మ్యాచ్ స్కోరూ ఆ నోటుబుక్కులో ఉండేది. అలాంటివి బీరువా నిండా ఉన్నాయని తర్వాత తెలిసింది.

ఓనరుకి అప్పటికే డెబ్భై దాటాయి. లాకవానా ఉక్కు ఫ్యాక్టరీలో పని చేసి, 1983లో అక్కడ పని ఆగిపోయాక స్కూలు బస్సు నడిపి రిటైరైన మనిషి. మాలో మేం ఆయన్ని తాత అనేవాళ్ళం.

నాకు హాకీ అంటే ధ్యాన్‌చంద్, పచ్చటి మైదానం, బంతి. మంచు మీద స్కేట్లు కట్టుకుని, నల్లటి రబ్బరు బిళ్ళ వెంట పడే ఈ ఆట మొదటిసారి చూసినప్పుడు బిళ్ళ ఎక్కడుందో కూడా కళ్ళకి ఆనలేదు. తాత తన పక్కన కుర్చీ లాగి, "పక్ కోసం వెతకొద్దు, మనుషులు ఎటు వంగుతున్నారో చూడు, అదే కనపడుతుంది" అన్నారు. అక్టోబరు అయ్యేసరికి కనపడటం మొదలైంది. కనపడ్డాక అర్థమైన మొదటి సంగతి, మా టీమ్ ఓడిపోతోందని.

ఆ ఒక్క ఏడాదే కాదు. సేబర్స్ 1970లో పుట్టిన జట్టు. లీగ్ (ఎన్‌హెచ్‌ఎల్) విజేతకిచ్చే స్టాన్లీ కప్ ఒక్కసారి కూడా గెలవలేదు. 1975లో ఫైనల్‌కి వెళ్ళి ఫిలడెల్ఫియా చేతిలో ఓడింది. 1999లో మళ్ళీ వెళ్ళి, డల్లాస్‌తో ఆరో మ్యాచ్ మూడో ఓవర్‌టైమ్‌లో ఓడింది. ఆ గోల్ కొట్టిన బ్రెట్ హల్ కాలు గోలీ (గోల్‌కీపర్) ముందు నీలం రంగు వేసిన చోటులో ఉందని, అది గోలే కాదని బఫెలోలో ఎవర్ని లేపి అడిగినా చెప్తారు. నేను చేరేముందు సీజన్లో, అంటే 2013-14లో, 82 మ్యాచ్‌లలో 21 గెలిచి లీగ్‌లో ఆఖరు స్థానంలో నిలిచింది.

ఆఖరున నిలిచిన జట్టు మీద ఊరు ఇంత ఆశ ఎందుకు పెట్టుకుందో మనకి అర్థం కావాలంటే డ్రాఫ్ట్ సంగతి చెప్పాలి. మన ఐపీఎల్ వేలంలో డబ్బు ఉన్నవాడు పాడుకుంటాడు. ఇక్కడ అలా కాదు. ప్రతి జూన్‌లో పద్దెనిమిదేళ్ళు వచ్చిన కుర్రాళ్ళని జట్లు వరస ప్రకారం ఎంచుకుంటాయి. బాగా ఓడిన జట్టుకి ముందు అవకాశం. అయితే కావాలని ఓడకుండా ఉండటానికి లాటరీ పెట్టారు. 2015లో ఆఖరు జట్టుకి మొదటి నంబరు తగిలే అవకాశం 20 శాతం. తగలకపోయినా రెండో నంబరు కంటే కిందకి పోదు.

ఆ ఏడాది ఆ రెండో నంబరుకీ అంత విలువ ఎందుకంటే, కుర్రాళ్ళు ఇద్దరున్నారు. కెనడాలో న్యూమార్కెట్ కుర్రాడు కానర్ మెక్‌డేవిడ్, మసాచుసెట్స్ కుర్రాడు జాక్ ఐకెల్. తరానికి ఒక్కడు పుడతాడనే మాట ఇద్దరి గురించీ ఒకే ఏడాది అన్నారు. ఆఖరున నిలిస్తే ఇద్దరిలో ఒకరు ఖాయం. ఊరంతా ఆ లెక్క మీదే బతికింది.

మా తాతయ్య ఒంగోలు పక్క పల్లెలో గిత్తదూడల్ని చూడటంలో పేరున్న మనిషి. మూపురం చూసేవాడు, గిట్టలు చూసేవాడు, చివరికి పది అడుగులు నడిపించి చూసి అప్పుడు మాట్లాడేవాడు. బఫెలో తాత కుర్రాళ్ళ గురించి మాట్లాడుతుంటే నాకు ఆ చూపే గుర్తొచ్చేది. నోటుబుక్కు వెనక పేజీల్లో వాళ్ళ పేర్లు ఉండేవి. పేరు, ఊరు, ఎత్తు, కింద ఒకటి రెండు ముక్కలు. 2014లో సేబర్స్ రెండో నంబరుకి ఎంచుకున్న శామ్ రైన్‌హార్ట్ పేరు కింద "చేతులు మంచివి, బుర్ర ఇంకా మంచిది, పరుగు తక్కువ" అని రాశారు. ఆ సీజన్లో రైన్‌హార్ట్ తొమ్మిది మ్యాచ్‌లు ఆడాక టీమ్ అతన్ని మళ్ళీ జూనియర్ హాకీకి పంపేసింది. తాత ఆ పేరు కొట్టెయ్యలేదు.

నోటుబుక్కు ఏదైనా సరే, మొదటి పేజీలో పైన 11 అని వేసి ఉండేది. శ్రీరామ అని రాసుకున్నట్టు అనుకోండి. ఒకరోజు అడిగితే కథ చెప్పారు. 1970లో సేబర్స్, వాంకూవర్ రెండూ కొత్త జట్లు. గిల్బర్ట్ పెరో అనే కుర్రాడు ఎవరికి దక్కాలో నంబర్ల చక్రం తిప్పి తేల్చారు. చక్రం ఆగింది. లీగ్ అధ్యక్షుడు 1 అని చదివి, వాంకూవర్‌దే అన్నాడు. వాళ్ళ బల్ల దగ్గర సంబరాలు మొదలయ్యాయి. సేబర్స్ మేనేజర్ పంచ్ ఇమ్లాక్ లేచి, మళ్ళీ చూడండి అన్నాడు. అది 1 కాదు, 11. పెరో బఫెలోకి వచ్చి పదకొండో నంబరు చొక్కా వేసుకుని, 17 సీజన్లు ఒకే జట్టుకి ఆడాడు. "చక్రం ఒక గడి అటు ఆగితే నా యౌవనం అంతా వేరేగా ఉండేది" అన్నారు తాత. ఆ మాట అంటున్నప్పుడు ఆయన ముఖం చూసి, అది ఆయనకి ఆటని మించిన విషయమని తెలుసుకున్నాను.

ఆ ఇమ్లాకే 1974లో డ్రాఫ్ట్ మరీ సాగదీస్తున్నారని విసుగెత్తి, జపాన్ ఆటగాడు తారో సుజిమోటో అని లేని మనిషి పేరు 183వ నంబరుకి చదివించాడట. లీగ్ నమ్మి రాసుకుంది కూడా. అసలు అలాంటివాడే లేడని తర్వాత ఒప్పుకున్నాడు. అరేనాలో జనం ఏళ్ళ తరబడి "మాకు తారో కావాలి" అని అరిచేవాళ్ళట. ఈ కథ తాత కనీసం పదిసార్లు చెప్పారు. పదిసార్లూ బాగుంది.

నవంబరులో మంచు పడింది. ఊరి దక్షిణాన ఐదారు అడుగులు, మా వైపు చెప్పుకోదగినంత కూడా లేదు. ఎర్రీ సరస్సు మీంచి వచ్చే మంచు అంత సన్నటి పట్టీలా పడుతుంది. దూరంగా తెల్లటి గోడ నిలబడినట్టు కనిపించేది, మా నెత్తిన నీలాకాశం. న్యూయార్క్ రేంజర్స్‌తో మ్యాచ్ వాయిదా వేశారు. ఆ సీజన్లో మేం ఓడని రాత్రి అదొక్కటే అని మా కరీంనగర్ రూమ్మేట్ అనేవాడు.

డిసెంబరు చివర్లో మొదలై జనవరి అంతా వరసగా 14 మ్యాచ్‌లు ఓడిపోయాం. పద్నాలుగు. నాకు ఆ నెల బాగా గుర్తుంది. నాలుగున్నరకే చీకటి, అసైన్‌మెంట్లు, రాత్రి ఏడింటికి రేడియోలో రిక్ జెనరే గొంతు. యాభై ఏళ్ళ పాటు ఆ జట్టుకి కామెంటరీ చెప్పిన మనిషి ఆయన. ఓడుతున్న మ్యాచ్‌నీ గెలుస్తున్నట్టే చెప్పేవాడు. ఒక గోల్ పడగానే ఆ గొంతు కింద వంటింట్లోంచి మెట్ల మీదుగా పైకి వచ్చేది. తాత స్కోరు రాసుకుని, పేజీ తిప్పి, కుర్రాళ్ళ పేర్ల దగ్గరికి వెళ్ళేవారు. మేమూ అటే వెళ్ళేవాళ్ళం. ఐకెల్ బోస్టన్ యూనివర్సిటీకి నిన్న రాత్రి రెండు గోల్స్ కొట్టాడట, మెక్‌డేవిడ్ నవంబరులో గొడవపడి విరగ్గొట్టుకున్న చెయ్యి బాగైందట. ఇంట్లో పెళ్ళికి సంబంధాలు చూస్తున్నప్పుడు ఎలా ఉంటుందో అలా ఉండేది. అమ్మాయి ఇంకా చూడనే లేదు, కానీ అందరికీ అభిప్రాయాలు ఉంటాయి.

ఒకరోజు కరీంనగర్ వాడు అన్నం వార్చుతూ అడిగాడు: "అన్నా, నువ్వు టీమ్ గెలవాలంటున్నవా, ఓడాలంటున్నవా? ముందుగాల గది తేల్చు." నేను జవాబు చెప్పలేదు. చెప్పడానికి నా దగ్గర లేదు.

ఒక్క మాట ఇక్కడ చెప్పాలి. ఆటగాళ్ళెవరూ ఓడాలని ఆడరు. మంచు మీదకి దిగినవాడు తన ఉద్యోగం కోసం, పరువు కోసం ఆడతాడు. బలహీనమైన జట్టుని కూర్చేది పైన ఉన్నవాళ్ళు. ఆ ఫిబ్రవరిలో జనరల్ మేనేజర్ టిమ్ మర్రే గోలీ యోనస్ ఎన్‌రోత్‌ని డల్లాస్‌కి ఇచ్చేశాడు. మార్చిలో రెండో గోలీ నోయ్‌విర్త్‌ని కూడా పంపేశాడు. ఎన్‌రోత్‌కి బదులుగా వచ్చిన అండర్స్ లిండ్‌బ్యాక్ ప్రాణం పెట్టి ఆడటం మొదలుపెట్టాడు. ఊళ్ళో కొందరు అతను బాగా ఆడుతున్నాడని తల పట్టుకునేవాళ్ళు. తాతకి మాత్రం లిండ్‌బ్యాక్ అంటే ఇష్టం. లాట్వియా కుర్రాడు జెమ్‌గుస్ గిర్గెన్సన్స్ అంటే ఇంకా ఇష్టం. ఆ ఏడాది ఆల్-స్టార్ మ్యాచ్‌కి లీగ్‌లోకెల్లా ఎక్కువ ఓట్లు పడింది అతనికే. ఇరవై లక్షల జనాభా ఉన్న దేశం రాత్రీ పగలూ ఓట్లు గుద్దింది. ఆఖరు స్థానంలో ఉన్న మా జట్టు కుర్రాడికి! ఆ వార్త చదివినరోజు మా పోర్షన్‌లో పాయసం చేసుకున్నాం.

ఆ చలికాలంలో అన్నిటికంటే మంచిరోజు ఎర్రీ అనే ఊరు వెళ్ళిన రోజు. మెక్‌డేవిడ్ ఆడే జూనియర్ జట్టు ఎర్రీ ఆటర్స్, బఫెలోకి 150 కిలోమీటర్లు. దారంతా ఎడమన ద్రాక్షతోటలు, ఆకు లేకుండా తీగలు, కుడివైపు గడ్డకట్టిన సరస్సు. తాత కారు, నడిపింది ఆయనే. ఒళ్ళో నోటుబుక్కు పట్టుకుని నేను.

చిన్న అరేనా. మేం గ్లాసుకి దగ్గరగా కూర్చున్నాం. టీవీలో తెలియనిది అక్కడ తెలిసింది. మామూలు ఆటగాడు మలుపు తిరిగేటప్పుడు కాస్త నెమ్మదిస్తాడు, స్కేట్లు మంచుని గీరుతున్న చప్పుడు వస్తుంది. మెక్‌డేవిడ్ మలుపులో వేగం పెంచుతాడు. కాలు మీంచి కాలు వేస్తూ, అడుగడుక్కీ ముందు కంటే వేగంగా. వెనక్కి స్కేట్ చేస్తున్న డిఫెన్స్ కుర్రాడు తన లెక్క సరిగ్గానే వేసుకున్నాడు, కాని ఆ లెక్క అరక్షణం కింద ఉన్న వేగానికి వేసుకున్నది. మనిషి దాటిపోయాక అతని భుజం తిరిగింది. నేను తాత వైపు చూశాను. ఆయన పెన్సిలు నోటుబుక్కు మీద పెట్టి ఉంది, రాయడం లేదు. కాసేపటికి పెన్సిలు జేబులో పెట్టేసుకున్నారు. ఇంటికొచ్చాక చూస్తే మెక్‌డేవిడ్ పేరు కింద ఏమీ రాసి లేదు. అందరి కింద ఏదో ఒక ముక్క ఉంది. అతని కింద ఖాళీ.

మార్చి 26, గురువారం. అరిజోనా కయోటీస్ మా ఊరికి వచ్చింది. ఆఖరున మేం, మా పైన వాళ్ళు. అందరం వెళ్ళాం. యూనివర్సిటీ స్టేషన్లో మెట్రో ఎక్కితే సగం పెట్టె నీలం చొక్కాలే. తాత పదకొండో నంబరు చొక్కా వేసుకొచ్చారు. పైన చవక టికెట్ల వరసలో కూర్చున్నాం.

అరిజోనా గోల్ కొడితే చప్పట్లు పడ్డాయి. మా అరేనాలో, మా జనం. మొదట కొద్దిమంది. మ్యాచ్ 3-3 అయి ఓవర్‌టైమ్‌కి వెళ్ళింది. ఓవర్‌టైమ్ మొదలైన కాసేపటికే శామ్ గానియే గోల్ కొట్టాడు. మ్యాచ్ అయిపోయింది, మేం ఓడిపోయాం, అరేనా లేచింది. నేనూ లేచాను. చేతులెత్తి అరిచాను. ఆ క్షణంలో నా కళ్ళ ముందు ఎర్రీలో ఆ మలుపే ఉంది.

అప్పుడు కింద చూశాను. మా ఆటగాళ్ళు వరసగా బయటికి వెళ్తున్నారు. ఒకడు ఆగి, తలెత్తి జనం వైపు చూశాడు. కోపంగా కాదు. వింటున్నది నిజమేనా అన్నట్టు. పక్కన తాత లేవలేదు. ఒళ్ళో ఉన్న ఉన్ని గ్లౌజుల్ని మెలిపెడుతూ మంచు వైపే చూస్తున్నారు.

తిరుగు రైల్లో చాలాసేపు ఎవరం మాట్లాడలేదు. సొరంగంలోకి వెళ్ళాక తాత అన్నారు: "నాకూ ఆ కుర్రాడు కావాలి. మీ అందరికంటే ఎక్కువ కావాలి. నాకు ఎక్కువ టైం లేదు. కానీ మన చొక్కా వేసుకుని ఆడినవాడి చెవిన పడేలా ఆ చప్పట్లు కొట్టకూడదు."

ఆ మ్యాచ్ తర్వాత డిఫెన్స్ ఆటగాడు మైక్ వెబర్ తనకి ఎంత బాధ కలిగిందో దాచుకోకుండా చెప్పాడు. ఊళ్ళో వారం రోజులు వాదనలు నడిచాయి. జట్టు మంచి కోరే కదా చేశాం అన్నవాళ్ళది తప్పని నేను అనలేను, నేను వాళ్ళలో ఒకణ్ణి. సీజన్ చివర మాకూ అరిజోనాకీ తేడా 2 పాయింట్లే, 54, 56. ఆ రాత్రి లెక్కలోకి వచ్చింది. అయినా ఆ చప్పట్లు తప్పేనని పదేళ్ళ తర్వాతా నా అభిప్రాయం. కుర్రాళ్ళ గురించి రాత్రులు కూర్చుని మాట్లాడుకున్నది తప్పు కాదు. అది లేకపోతే జనవరి గడిచేది కాదు. ఎదురుగా చెమటోడ్చిన మనుషులు ఓడితే నిలబడి సంతోషించడం మాత్రం తప్పు. నాలుగు రోజుల తర్వాత సేబర్స్ అరిజోనా వెళ్ళి 4-1తో గెలిచి వచ్చింది. ఆ స్కోరు తాత రెండుసార్లు గీత గీసి రాశారు.

ఏప్రిల్ 18 లాటరీ. తాత ముందు గదిలో టీవీ. కరీంనగర్ వాడు పులిహోర చేసి కిందికి తెచ్చాడు. వారం ముందే అదే టీవీలో ఐకెల్ జట్టు కాలేజీ ఫైనల్లో ప్రావిడెన్స్ చేతిలో 4-3తో ఓడటం చూశాం. ఆ ఏడాది కాలేజీ హాకీలో ఉత్తమ ఆటగాడికిచ్చే హోబీ బేకర్ అవార్డు అతనికే వచ్చింది. మొదటి సంవత్సరం కుర్రాడికి అది రావడం చరిత్రలో రెండోసారి. ఐకెల్ వచ్చినా అదృష్టమే అని మేం ఒకరికొకరం చెప్పుకున్నాం. 20 శాతం అంటే ఐదింట నాలుగు వంతులు మనకి రాకపోవడానికే అని కూడా చెప్పుకున్నాం. చెప్పుకున్నామే గానీ ఎవరూ నమ్మలేదు.

వెనక నుంచి ఒక్కొక్క జట్టూ వస్తోంది. మూడో నంబరు దగ్గర, కింద నుంచి మూడో స్థానంలో నిలిచిన ఎడ్మంటన్ రావాలి. అరిజోనా వచ్చింది. అంతే, గదిలో అందరికీ అర్థమైపోయింది. ఎడ్మంటన్‌ది 11.5 శాతం. అప్పటికే ఐదేళ్ళలో మూడుసార్లు మొదటి నంబరు దొరికిన జట్టు, ఇది నాలుగోది. తాత నోటుబుక్కు తీసి, మెక్‌డేవిడ్ పేరు పక్కన ఎడ్మంటన్ అని రాశారు. ఐకెల్ పేరు కింద గీత గీశారు. గీత తిన్నగానే వచ్చింది. తర్వాత మా వాణ్ణి పిలిచి, పులిహోర ఇంకొంచెం పెట్టమన్నారు.

అక్టోబరు 8న ఐకెల్ మొదటి మ్యాచ్‌లోనే గోల్ కొట్టాడు. ఆ రాత్రీ ఓడిపోయాం, ఒట్టావా 3-1. కానీ ఆ గోల్‌కి అరేనా అరిచిన అరుపులో ఏ లెక్కా లేదు. మార్చిలో పోయిందనుకున్నది ఆ అరుపులో నాకు తిరిగి దొరికింది.

చదువయ్యాక నేను ఉద్యోగానికి టెక్సస్ వచ్చేశాను. సేబర్స్ 2011 తర్వాత వరసగా 14 సీజన్లు ప్లేఆఫ్స్ ముఖం చూడలేదు. లీగ్ చరిత్రలో ఇంకే జట్టూ అన్నేళ్ళు దూరంగా లేదు. 2021లో రైన్‌హార్ట్‌ని ఫ్లోరిడాకి ఇచ్చేశారు, మెడ ఆపరేషన్ విషయంలో టీమ్‌తో కుదరక ఐకెల్ వేగస్‌కి వెళ్ళిపోయాడు. 2023లో ఐకెల్ కప్ ఎత్తాడు. తాతకి ఫోన్ చేస్తే, "చూశాను, చూశాను" అని మాత్రం అన్నారు.

2024 జూన్ 24, ఫ్లోరిడా, ఎడ్మంటన్ ఫైనల్ ఏడో మ్యాచ్. 2-1. గెలుపు గోల్ రైన్‌హార్ట్‌ది. ఓడింది మెక్‌డేవిడ్. నేను చెయ్యకముందే ఫోన్ మోగింది. వెనక కాగితాలు తిప్పుతున్న చప్పుడు.

"దొరికింది. చేతులు మంచివి, బుర్ర ఇంకా మంచిది, పరుగు తక్కువ" అని చదివారు. కాసేపు ఆగి, "పరుగు సంగతి తప్పు రాశాను" అన్నారు.

డ్రాఫ్ట్ ఎప్పుడని అడిగాను, ఆయనకి తెలుసని తెలిసే.

"శుక్రవారం. నాలుగు పేర్లు రాసి పెట్టాను, రాసుకో" అన్నారు. ఈసారి మనది ఎన్నో నంబరని అడిగాను.

"పదకొండు."